బండికీ బండికీ నడుమ

హొసూరు నుంచి కృష్ణగిరికి పోయే పెద్దరోడ్డు పక్క పల్లెల్లో, ఎండాకాలం రాత్రుళ్లు ఆరుబయట మంచం వేసుకొని పడుకునేవాళ్లకు ఒక విద్య దానంతటదే అబ్బుతుంది. ట్రాక్టరు ఇంకా మలుపు తిరగకముందే, దాని వెనక ట్రాలీ ఉందో లేదో, ఉంటే నిండుగా ఉందో ఖాళీగా వస్తోందో చెప్పేస్తారు. ఇంజను మోత అన్నిటిదీ ఒకటే. గుట్టు విప్పేది ట్రాలీని ట్రాక్టరుకు తగిలించిన కొక్కెం. ఖాళీ ట్రాలీ గుంత గుంతకూ లొటలొటమని ఎగిరి పడుతుంది. మామిడికాయలు నింపుకొని వచ్చేది అంత అల్లరి చేయదు. గేరు మారినప్పుడో బ్రేకు పడినప్పుడో ఢక్కుమని ఒక్క గుద్దు గుద్ది ఊరుకుంటుంది. మలుపులో కిర్రుమని సాగదీసిందంటే ఆ పిన్ను గ్రీజు మొహం చూసి నెలలైందన్నమాట.

ట్రాలీ అన్నాక చప్పుడు చేయదా అంటారు చాలామంది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు కష్టంగా ఉంటుంది. ఆ చప్పుడుకు కారణం ఉంది, మందు ఉంది, పట్టించుకోకపోతే జరిగే నష్టమూ ఉంది. మూడూ మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. తెలిసీ ఎందుకు చేయమన్నదే ఈ వ్యాసానికి నన్ను కూర్చోబెట్టింది.

ముందు ఆ చోటు ఎలా ఉంటుందో చూద్దాం. ట్రాక్టరు వెనక, కింది భాగంలో, తెరిచిన దవడలాంటి రెండు ఇనుప పలకలు. ట్రాలీ ముందుకు చాచిన దూలం చివర ఒక కన్నం. ఆ కన్నాన్ని దవడలో దూర్చి, పైనుంచి బొటనవేలికన్నా లావుపాటి పిన్ను దించుతారు. పిన్ను ఎగిరి బయటపడకుండా కింద ఒక క్లిప్పు. అంతే. నాలుగైదు టన్నుల బరువు ఆ పిన్ను మీద ఆధారపడి ఊళ్లు దాటుతుంది.

కన్నం పిన్నుకన్నా కాస్త పెద్దదిగా ఉండి తీరాలి. ట్రాక్టరు గట్టెక్కుతున్నప్పుడు ట్రాలీ ఇంకా పల్లంలోనే ఉంటుంది. ట్రాక్టరు ఎడమకు తిరిగితే ట్రాలీ కాసేపు తిన్నగానే వస్తుంది. ట్రాక్టరు చక్రం ఒకటి గుంతలో దిగితే రెండు బండ్లూ రెండు వైపులకు ఒరుగుతాయి. ఈ మూడు కదలికలకూ చోటివ్వని జోడింపు ఎక్కడో ఒకచోట విరుగుతుంది. కాబట్టి సందు ఉండాలి. చిక్కంతా ఆ సందు పెరగడంలో ఉంది. బయల్దేరిన ప్రతిసారీ ట్రాక్టరు ముందుగా కదులుతుంది, సందు నిండేదాకా ట్రాలీ కదలదు, నిండగానే పిన్ను కన్నం అంచును కొడుతుంది. కొట్టినప్పుడల్లా కాస్త ఇనుము పోతుంది. ఇనుము పోతే సందు పెరుగుతుంది. సందు పెరిగితే రెండు బండ్ల వేగాలకు తేడా వచ్చే వ్యవధి దొరుకుతుంది గనుక తర్వాతి దెబ్బ ఇంకా గట్టిగా పడుతుంది. గుండ్రటి కన్నం కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. పిన్ను నడుము సన్నబడుతుంది. మనం వినే ఢక్కు అనే చప్పుడు ఈ వడ్డీ లెక్క.

రైల్లో ప్రయాణం చేసేవాళ్లు ఈ దెబ్బను ఒంటితో ఎరుగుదురు. పాత నీలం బోగీల్ని మరతో బిగించే కొక్కెంతో కలిపి, పక్కన బఫర్లు ఆనించి ఉంచేవాళ్లు. జర్మనీ నుంచి ఎల్‌హెచ్‌బీ బోగీలు వచ్చాక నడుమ ఒకే కప్లర్‌తో కలిపే పద్ధతి వచ్చింది. ప్రమాదంలో బోగీ మీద బోగీ ఎక్కకుండా కాపాడటంలో అది మేలైనది. కానీ బయల్దేరేటప్పుడు, ఆగేటప్పుడు టీ గ్లాసు ఒలికేంత కుదుపు వస్తోందని ప్రయాణికులు గోలపెట్టారు. రైల్వేవాళ్లు దాన్ని సాకుగా కొట్టిపారేయకుండా, కప్లర్ వెనక ఉండే కుదుపు మింగే భాగాన్ని మార్చుకుంటూ వచ్చారు. కుదుపును ఫిర్యాదుగా రాసేవాళ్లూ, చదివేవాళ్లూ ఉన్నచోట అది తగ్గుతుంది. మా ట్రాలీల మీద పడుకొని వచ్చే మామిడికాయలకు ఆ సౌకర్యం లేదు.

చప్పుళ్లు రెండు రకాలు. లొటలొట, ఢక్కు ఇవి సందు వల్ల వచ్చేవి. కిర్రు, కీచు ఇవి రాపిడి వల్ల వచ్చేవి. రెండింటికీ ఒకే మందు అనుకోవడం దగ్గర చాలామంది తడబడతారు. సందు పెరిగిన చోట ఎంత గ్రీజు పూసినా ఒకటి రెండు రోజులు గొంతు తగ్గుతుందే తప్ప దెబ్బ తగ్గదు. అక్కడ కావలసింది లేతు షాపు.

ఈ తేడా బాగా తెలియాలంటే మన ట్రాలీలను వదిలి కాసేపు ఇంగ్లండుకో ఆస్ట్రేలియాకో పోవాలి. అక్కడ కుటుంబాలు సెలవులకు కారు వెనక ఇల్లులాంటి బండిని తగిలించుకొని బయల్దేరతాయి. కారవాన్ అంటారు దాన్ని. మన దక్షిణాదిలోనూ ఆ పేరు ఇప్పుడిప్పుడే వినిపిస్తోంది. కేరళ 2021లో కారవాన్ పర్యాటకానికంటూ ఒక విధానమే ప్రకటించింది. కానీ మన దగ్గర కనబడేవి ఎక్కువగా ఇంజనూ ఇల్లూ ఒకటే అయిన బండ్లు. అక్కడివి లాగే బండ్లు. కారు వెనక 50 మిల్లీమీటర్ల ఇనుప గుండు ఉంటుంది. కారవాన్ ముక్కు దగ్గర ఉండే గిన్నెలాంటి టోపీ ఆ గుండు మీద కూర్చొని తాళం పడుతుంది. మామూలు టోపీ అయితే గుండుకు గ్రీజు పూయాలి. పూయకపోతే కిర్రుమంటుంది, అరుగుతుంది.

అయితే హైవే మీద కారవాన్ పాములా అటూ ఇటూ ఊగకుండా ఆపే ఇంకో రకం టోపీ ఉంది. దాని లోపల రాపిడి దిమ్మలు ఉంటాయి. అవి గుండును గట్టిగా పట్టుకొని ఊపును అణుస్తాయి. ఆ రకానికి గ్రీజు తగలకూడదు. చుక్క తగిలినా దిమ్మలు జారిపోతాయి, కీచుమని అరుస్తాయి. కొత్త గుండు మీద ఉన్న రంగును కూడా ఉప్పుకాగితంతో గీకి, ఒట్టి ఇనుము మెరిసేదాకా తుడవాలి. గుండు ఒకటే, కొలత ఒకటే. ఒకదానికి గ్రీజు ప్రాణం, ఇంకోదానికి విషం. ఆ కీచు ఎలా పుడుతుందో ఫిడేలు వాయించేవాళ్లకు తెలుసు. కమాను తీగను పట్టుకుంటుంది, లాగుతుంది, పట్టు తప్పి వదిలేస్తుంది, మళ్లీ పట్టుకుంటుంది. క్షణానికి వందలసార్లు. ఫిడేలులో దానికోసమే రోజనం రుద్దుతారు. కొక్కెంలో అదే జరిగితే మనకు చెవులు మూసుకోవాలనిపిస్తుంది. చప్పుడు విన్న వెంటనే గ్రీజు డబ్బా మూత తీసేవాడికన్నా, అది ఎక్కడ నుంచి వస్తోంది, ఎందుకు వస్తోంది అని వంగి చూసేవాడే మెస్త్రీ.

మా జిల్లాలో ఈ వంగి చూడటానికి ఇంకో కారణం ఉంది. కృష్ణగిరి చుట్టూ గ్రానైటు క్వారీలు. ఆ దారుల్లో ఆకుల మీద, ఇంటి కప్పుల మీద, మనుషుల రెప్పల మీద తెల్లటి పొడి. గ్రానైటులో ఉండే పలుగురాయి మామూలు ఇనుముకన్నా గట్టిది. జిడ్డుగా తెరిచి ఉన్న పిన్ను మీద ఆ పొడి వాలితే గ్రీజూ పొడీ కలిసి సానరాతి ముద్ద అవుతుంది. అప్పుడు గ్రీజు కాపాడాల్సిన ఇనుమును గ్రీజే తింటుంది. అందుకే పాతదాన్ని డీజిల్ గుడ్డతో నున్నగా తుడవకుండా దానిమీదే కొత్తది మెత్తడం పని చేసినట్టు కనబడుతుందేగానీ చేసినట్టు కాదు. తుడవడం చేతికి అసహ్యం. పూయడం సులువు. సగం కొక్కేలు ఈ రెండు పనుల నడుమ ఉన్న బద్ధకంలోనే అరిగిపోతున్నాయి.

మా తాతకు ట్రాక్టరు లేదు, ఎద్దుల బండి ఉండేది. బండి కింద, ఇరుసుకు దగ్గరగా, ఒక వెదురు గొట్టం వేలాడేది. అందులో కందెన. ఎండుగడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి, పుల్లతో తిప్పి తిప్పి, నల్లటి చిక్కటి ముద్ద చేసేవాడు. సంత నాటి ముందు రాత్రి సీల ఊడబెరికి, చక్రాన్ని కాస్త బయటికి లాగి, ఇరుసు మీది పాత మడ్డిని గోనెగుడ్డతో తుడిచి, ఆ తర్వాతే కొత్తది పూసేవాడు. కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అని సామెత. ఊళ్లో ఎవరి బండి అరుస్తూ వచ్చినా అవ్వలు ఆ మాట అనేవాళ్లు. అది బండి గురించిన మాట కాదు, బండివాడి గురించినది. అరిచే బండి తోలుకొని పెళ్లిచూపులకు పోకూడదనేవాళ్లు మా ఇంట్లో. ఎద్దుల్ని చూసుకోనివాడు పిల్లనేం చూసుకుంటాడని వాళ్ల లెక్క.

ఆ ఆముదం గురించి ఇంకా చెప్పాలి. గింజల నూనెలన్నిట్లోకీ అది చిక్కన. ఇనుమును అంటిపెట్టుకొని ఉంటుంది, బరువు పడినా తేలిగ్గా పక్కకు తప్పుకోదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఎగిరిన విమానాల రోటరీ ఇంజన్లలో పోసిందీ ఆముదమే. క్యాస్ట్రాల్ అనే కంపెనీ పేరు ఆముదానికున్న ఇంగ్లీషు పేరు నుంచి పుట్టింది. ఈ రోజు కొట్లో కొనే లిథియం గ్రీజు డబ్బా మూత తీసి చూస్తే తాత గొట్టంలోని నల్లముద్దకూ దానికీ పోలికే కనబడదు. పచ్చగానో ఎర్రగానో నిగనిగలాడుతూ ఉంటుంది. కానీ నూనెను ముద్దగా నిలబెట్టే సబ్బు ఉంది చూశారా, ఆ లిథియం సబ్బును ఎక్కువగా చేసేది ఆముదాన్ని హైడ్రోజన్‌తో గట్టిపరచగా వచ్చే ఆమ్లంతోనే. గడ్డి మసి పోయి లిథియం వచ్చింది, ఆముదం పోలేదు. మహబూబ్‌నగర్ మెట్టల్లోనో గుజరాత్ చేలలోనో కాసిన గింజ ఇవాళ్టికీ ప్రపంచం నలుమూలలా బండ్ల కీళ్లలో ఉంది. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు తాత మీద గౌరవం పెరిగింది. ఆయన చేసింది మోటుపని కాదని తెలిసింది.

బరువు ముందుకు జరిపే ప్రతి జాతికీ ఈ పని తెలుసు. ఈజిప్టులో జెహుతిహోతెప్ సమాధి గోడ మీద, దాదాపు నాలుగువేల ఏళ్ల కిందటి బొమ్మ ఉంది. పెద్ద విగ్రహాన్ని జారుబండి మీద ఎక్కించి జనం లాగుతుంటారు. జారుబండి మొనమీద ఒకడు నిలబడి దాని ముందు ఇసుక మీద నీళ్లు పోస్తుంటాడు. చాలాకాలం అది పూజ అనుకున్నారు. 2014లో ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయం వాళ్లు ప్రయోగం చేసి, ఇసుకను తగినంతగా తడిపితే లాగే బలం సగానికి సగం తగ్గుతుందని తేల్చారు. తక్కువ తడిస్తే లాభం లేదు, ఎక్కువ తడిస్తే మళ్లీ కష్టమే. ఆ పోసేవాడికి ఆ కొలత తెలుసు. బ్రిటన్‌లో 1966లో పీటర్ జోస్ట్ నాయకత్వంలో ఒక సంఘం రాపిడి, అరుగుదలల మీద నివేదిక ఇచ్చింది. వాటిని పట్టించుకుంటే ఆ దేశానికి ఏటా 51.5 కోట్ల పౌండ్లు మిగులుతాయని అంచనా వేసింది. ఆ నివేదికతో ఒక కొత్త శాస్త్రానికే పేరు పడింది. తాతకు ఆ పేరు తెలియదు గాని, ఆముదం కరువైన ఏడాది ఎంత నష్టమో తెలుసు.

ఎద్దుబండిలో ఇంకో జోడింపు ఉంది. కాడికీ ఎద్దు మెడకూ నడుమ. అక్కడ చప్పుడు రాదు. పుండు వస్తుంది. బెంగళూరు ఐఐఎం తొలి డైరెక్టర్ ఎన్. ఎస్. రామస్వామి మేనేజ్‌మెంట్ పాఠాలు చెప్పే సంస్థలో కూర్చొని ఎద్దుబండి గురించి ఏళ్ల తరబడి పోరాడారు. మెడ ఒరుసుకుపోయే కాడిని మార్చండి, బేరింగులు పెట్టండి, ఎద్దుకు పడే కష్టం తగ్గించండి అని ఊరూరా చెప్పారు. దేశంలో సరుకు మోసే పెద్ద వ్యవస్థల్లో అదొకటని, దాన్ని ఎవరూ ఇంజనీరింగ్ కింద లెక్కపెట్టడం లేదని ఆయన బాధ. హొసూరుకు కూతవేటు దూరంలో ఉన్న నగరంలో అంత పెద్ద చదువు ఎద్దు మెడ దగ్గరికి వంగి చూసిందని తలుచుకుంటే నాకు ధైర్యంగా ఉంటుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. తాత ఇరుసుకు చేసినది ఇవాళ కొక్కేనికి ఎందుకు జరగడం లేదు? పెట్టుబడి కాదు. గ్రీజు చవక. సమయం కాదు. అయిదు నిమిషాల పని. నాకు తోచిన జవాబు ఒకటే. కొక్కెం ఎవరిదీ కాదు. తాత బండి మొత్తం తాతదే, ఇరుసూ ఆయనదే, ఎద్దులూ ఆయనవే. ఇవాళ ట్రాక్టరు ఒకరిది, ట్రాలీ ఇంకొకరి దగ్గర బాడుగకు తెచ్చింది, తోలేవాడు మూడోవాడు, సరుకు నాలుగోవాడిది. ట్రాక్టరాయన ఇంజన్ ఆయిల్ మార్పిస్తాడు, రేడియేటర్ చూస్తాడు. ట్రాలీ ఆయన టైర్లు చూస్తాడు, బేరింగులు చూస్తాడు. "పిన్ను ట్రాలీతోనే వస్తుంది కదన్నా, వాళ్లే చూసుకోవల్ల" అంటాడు ఒకాయన. "నా ట్రాలీ నా ఇంటి ముందర నిలబడి ఉంటే చప్పుడే చేయదప్పా, లాగే బండిదే తప్పు" అంటాడు ఇంకొకాయన. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. చప్పుడు ట్రాక్టరులో లేదు, ట్రాలీలో లేదు. రెండూ కలిసినప్పుడే పుడుతుంది. అందుకే అది ఎవరి లెక్కలోకీ రాదు.

హొసూరు తెలుగువాళ్లకు ఈ ఎవరిదీ కాని చోటు ఇనుములోనే కాదు, బతుకులోనూ తెలుసు. 1953లో, 1956లో రాష్ట్రాల గీతలు పడ్డప్పుడు మేము మద్రాసు రాష్ట్రంలో ఉండిపోయాం. అటువైపు ఆంధ్ర, ఇటువైపు కర్ణాటక, కాళ్ల కింద తమిళనాడు. మా మాట ఎవరి బాధ్యత అంటే అటువాళ్లు ఇటు చూపిస్తారు, ఇటువాళ్లు అటు చూపిస్తారు. 2006లో చట్టం వచ్చి బళ్లలో తమిళం తప్పనిసరి పాఠమయ్యాక, తెలుగు చదువుకునే పిల్లల పదో తరగతి పరీక్ష కోసం పెద్దవాళ్లు కోర్టుల మెట్లెక్కాల్సి వచ్చింది. తమిళం నేర్చుకోవడం మాకు భారం కాదు, అది మా వీధి భాష, మా బజారు భాష. బిగుసుకుపోని, ఊడిపోని జోడింపు ఎలా చేయాలో ఎవరూ కూర్చొని ఆలోచించలేదన్నదే బాధ. ఆలోచించినవాళ్లు లేకపోలేదు. రచయిత స. వెం. రమేశ్ లాంటివాళ్లు ఇక్కడి కుర్రవాళ్ల చేత తమ ఇంటి నుడిలోనే కథలు రాయించారు. ఏ ప్రభుత్వమూ అప్పజెప్పని పని అది. ఎవరిదీ కాని చోటును తనదనుకున్న మనిషి చేసిన పని.

చప్పుడు మాన్పడానికి జనం చేసే పనులు చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. దవడకూ కన్నానికీ నడుమ పాత టైరు ముక్క కుక్కుతారు. చప్పుడు ఆగుతుంది. రబ్బరు కింద ఇనుము అరుగుతూనే ఉంటుంది, పైగా ఇప్పుడు కనబడదు, వినబడదు. ఇంకొందరు ట్రాక్టరు మడ్‌గార్డుల మీద పెద్ద పెద్ద స్పీకర్లు బిగించి పాటలు పెడతారు. పాటలంటే నాకూ ఇష్టమే, రాత్రి ఒంటరిగా తోలేవాడికి తోడు కావాలి. కానీ వీపు వెనక రెండడుగుల దూరంలో పిన్ను సన్నబడుతున్న సంగతి చెప్పే ఒకే ఒక్క గొంతును ఆ స్పీకరు మింగేస్తుంది. బాగుచేయగా వచ్చిన నిశ్శబ్దం వేరు, నోరు నొక్కగా వచ్చిన నిశ్శబ్దం వేరు. రోడ్డు పక్క నిలబడి వినేవాడికి రెండూ ఒకలాగే ఉంటాయి.

పిన్ను సంగతి ఇంకా ఘోరం. అసలు పిన్ను పోతే లారీ బోల్టు ఒకటి దూర్చేస్తారు. బోల్టుకు మర ఉంటుంది. ఆ మర ఆకురాయిలా పనిచేసి కన్నాన్ని కోసుకుంటూ పోతుంది. కొందరు ఇల్లు కట్టగా మిగిలిన కమ్మీ ముక్క వాడతారు. క్లిప్పు పోతే మేకు వంచి దూరుస్తారు, లేదా బైండింగ్ వైరు చుడతారు. ఖాళీ ట్రాలీ గుంతలో ఎగిరినప్పుడు పిన్ను కూడా ఎగురుతుంది. మేకు జారిందంటే ట్రాలీ దారి ట్రాలీది. వెనక వచ్చే టూవీలరు మీద ఎవరున్నారో దానికి తెలియదు. పిన్ను ఊడినా బండి పోకుండా పట్టుకునే గొలుసు ఒకటి అడ్డంగా కట్టాలని అందరికీ తెలుసు. ఎంతమంది ట్రాలీలకు కడుతున్నారో మా రోడ్డు మీద సాయంత్రం అరగంట నిలబడితే చాలు, తెలిసిపోతుంది.

ఇదే రోడ్డు మీద, ఈ ట్రాలీల పక్కనుంచే, కొక్కేన్ని దేవుడిలా చూసుకునేవాళ్లు కూడా పోతుంటారు. హొసూరులో 1980 నుంచి అశోక్ లేలాండ్ లారీలు తయారవుతున్నాయి. గ్రానైటు దిమ్మెలు, ఇనుప చుట్టలు, కొత్త కార్లు మోసే పొడవాటి ట్రైలర్లు జాతీయ రహదారి 44 మీద రాత్రీ పగలూ నడుస్తుంటాయి. అక్కడా జోడింపు ఒక పిన్నే. కింగ్‌పిన్ అంటారు. ట్రైలర్ కడుపు కింద వేలాడుతుంది, లారీ వీపు మీది గుండ్రటి పలక దాన్ని దవడలతో పట్టుకుంటుంది. ఎక్కువగా వాడే రకం కింగ్‌పిన్ కొత్తగా ఉన్నప్పుడు 50.8 మిల్లీమీటర్లు. 49కి వచ్చిందంటే తీసేయాల్సిందే. రెండు మిల్లీమీటర్లు కూడా నిండని అరుగుదల! ముప్ఫై నలభై టన్నులకు ఆ లెక్క. కారవాన్ గుండుకూ అంతే, 50 కాస్తా 49 అయితే దాని పని అయిపోయినట్టే. మంచి డ్రైవరు తగిలించే ముందు పలకను తుడిచి గ్రీజు పూస్తాడు, తగిలించాక టార్చి వేసి దవడలు మూసుకున్నాయో లేదో కింద దూరి చూస్తాడు, ఆ తర్వాత ట్రైలర్ బ్రేకులు వేసే ఉంచి లారీని మెల్లగా ముందుకు లాగి చూస్తాడు. ఊడకపోతేనే బయల్దేరతాడు. ఈ మూడు పనుల్లో ఒక్కటి కూడా ట్రాక్టరు వాడికి చేతగానిది కాదు.

మిల్లీమీటర్ల మాట వచ్చింది గనుక లేతు షాపుల గురించి చెప్పకుండా ఉండలేను. పెద్ద ఫ్యాక్టరీల నీడలో హొసూరు వీధుల్లో చిన్న చిన్న లేతులు లెక్కలేనన్ని వెలిశాయి. మిల్లీమీటరులో వందో వంతు తేడాకు సరుకు వెనక్కి వచ్చే పని వాళ్లది. కోడిగుడ్డులా సాగిన ట్రాలీ కన్నాన్ని వాళ్ల దగ్గరికి తీసుకుపోతే వెల్డింగుతో నింపి, మళ్లీ గుండ్రంగా తొలిచి, లోపల ఒక బుష్షు దిగ్గొడతారు. బుష్షు అరగడానికే పుట్టింది. అది అరిగి దూలాన్ని కాపాడుతుంది. అరిగాక దాన్ని తీసి ఇంకోటి వేసుకోవడమే. దానికి తగ్గట్టు నున్నటి గట్టి పిన్ను, పిన్ను తలకు గ్రీజు నిప్పిల్, కింద సరైన క్లిప్పు. ఒకసారి ఇంత చేయించుకున్న ట్రాలీ రోడ్డు మీద పోతుంటే టైర్ల సద్దు తప్ప వినబడదు. ట్రాలీలో సరుకు ఎక్కించేటప్పుడు బరువంతా వెనక్కి పడేయకుండా ఇరుసుకు కొంచెం ముందుకు ఉండేలా సర్దితే, రెండు చక్రాల ట్రాలీ ముక్కు ఎగిరి కొట్టుకోవడం కూడా తగ్గుతుంది. ఇంగ్లండులో కారవాన్ తోలేవాళ్లు బండి బరువులో 5 నుంచి 7 శాతం కొక్కెం మీద ఉండేలా తూచి మరీ సర్దుకుంటారు. మనం తూచనక్కర్లేదు, గంపలు ఎక్కించే వరస మారిస్తే చాలు.

తోతాపురి దిగే రోజుల్లో, జూన్, జూలైలలో, కృష్ణగిరి చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరతాయి. ధర తేలేదాకా, తూకం వంతు వచ్చేదాకా గంటలు, ఒక్కోసారి రాత్రంతా నిలబడాలి. ఇంజన్లు ఆపేసి ఉంటాయి, తోలేవాళ్లు ట్రాలీ నీడలో పడుకొని ఉంటారు. బరువుతో నిలబడి ఉన్న బండికి పిన్ను తీయడం కుదరదు, నిజమే. కానీ కాయలు దించేశాక ఖాళీగా తిరిగి వచ్చే దారిలో, గేటు దాటగానే ఒక రేకుల షెడ్డు కింద డీజిల్ గుడ్డలు, ఒక గ్రీజు గన్, ఒక పెట్టె నిండా క్లిప్పులు, కొన్ని గొలుసులు, కన్నం ఎంత సాగిందో చూడటానికి ఒక ఇనుప గేజు పెట్టవచ్చు. పక్కన ఒక లేతు షాపు కుర్రవాణ్ణి సీజను మట్టుకు కూర్చోబెట్టవచ్చు. లక్షల టన్నుల కాయ పిండే ఫ్యాక్టరీలకు ఆ ఖర్చు తెలియను కూడా తెలియదు. రైతు సంఘాలు అడిగితే చేస్తారనే నా నమ్మకం. ఫ్యాక్టరీలు పెట్టకపోతే పంచాయతీ పెట్టవచ్చు, అదీ కాకపోతే ట్రాక్టర్లు బాడుగకు ఇచ్చేవాళ్లంతా కలిసి పెట్టుకోవచ్చు. ఈ వచ్చే సీజనుకు మా ఊరి దారిలో ఒకటి పెట్టించాలని నేను అడగడం మొదలుపెట్టాను. షెడ్డుకు చోటిస్తానని ఒకాయన అన్నాడు. క్లిప్పులు, గొలుసులు నేను కొంటున్నాను. గ్రీజు గన్ ఇచ్చేవాళ్లు కావాలి.